బూజుల బ్రష్ కోసం దర్శి దాకా

గుంటూరులో మా ఇంటి ముందుగదిలో మనుషులు కూర్చోవడానికి రెండే కుర్చీలున్నాయి. మిగతా చోటంతా పాత వాక్యూమ్ క్లీనర్లదే. పీపాల్లాంటివి, సూట్‌కేసుల్లాంటివి, చక్రాలున్నవి, చక్రాలూడినవి. గోడకి కొట్టిన మేకులకి వాటి గొట్టాలూ, బ్రష్షులూ, సందుల్లోకి దూరే సన్నమూతులూ, రంగు చల్లే డబ్బాలూ వేలాడుతుంటాయి. చూడటానికి వచ్చినవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత ఎందుకని అడుగుతారు. ఈ ప్రయాణం కూడా ఆ ప్రశ్నలోంచే మొదలైంది కాబట్టి ముందు అది చెబుతాను.

మా ఆవిడ సుశీల చాలా ఏళ్ళు ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్లు అమ్మింది. తొంభైల్లో మాట. ఒక చేత్తో మిషను, ఇంకో చేత్తో బ్రష్షుల పెట్టె పట్టుకుని పొద్దున బస్సెక్కితే నరసరావుపేట, చీరాల, అద్దంకి, దర్శి, ఎక్కడ పంపితే అక్కడికి వెళ్ళేది. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. ఆమె బయల్దేరేటప్పటికి నేను పనిలో ఉండేవాణ్ణి, ఆమె తిరిగొచ్చేటప్పటికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అందుకని ఆమె ఎవరింట్లోనైనా నిలబడి ఆ మిషను చూపించడం నేనెప్పుడూ చూడలేదు. కంపెనీ గుంటూరు ఆఫీసు ఎత్తేశాక చూపించడానికి వాడే మిషను మాకే మిగిలిపోయింది. నాలుగేళ్ళ కిందట సుశీల పోయాక, ఒకరోజు మంచం కింద నుంచి దాన్ని బయటికి లాగి స్విచ్చి వేశాను. ఆ చప్పుడు ఇల్లంతా నిండింది. మర్నాడు పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాను. అలా పోగయ్యాయి ఇవన్నీ.

నాకు మిషన్ల కంటే వాటి సరంజామా మీదే ఆశ. దానికో కారణముంది. కొన్నవాళ్ళు ఏ బ్రష్ దేనికో మర్చిపోతున్నారని సుశీల ప్రతిదాని మీదా గోళ్ళరంగుతో పేరు రాసి ఇచ్చేది. ‘నేలకి’, ‘పరుపులకి’, ‘సందులకి’, ‘బూజులకి’. నల్లటి ప్లాస్టిక్ మీద ఎర్రటి గుండ్రటి అక్షరాలు. ఆమె అమ్మిన మిషన్లు కొన్ని నాకు దొరికాయి గానీ, వాడీ వాడీ, తుడిచీ తుడిచీ ఆ రాత మాత్రం ఎక్కడా మిగల్లేదు. మొన్న మాఘంలో, నాకు తెలిసిన పాత సామాన్ల వ్యాపారి దర్శి నుంచి ఫోనులో ఒక ఫోటో పంపాడు. పరుపులు కుట్టే దుకాణమట. మిషను ఇంకా తిరుగుతోందట, అమ్మరట. ఫోటోలో ఓ మూల దూది కుప్ప పక్కన గుండ్రటి బ్రష్ పడి ఉంది. దాన్ని పెద్దది చేసి చూశాను. ‘బూజులకి’ అని ఉంది. ‘బూ’ దీర్ఘం అవసరానికి మించి సాగింది. అలా సాగదీసేది మా ఇంట్లో ఒక్క మనిషే.

మర్నాడే బయల్దేరాను. గుంటూరు బస్టాండులో పొద్దున ఆరు దాటాక అద్దంకి వైపు ఎక్స్‌ప్రెస్ దొరికింది. చిలకలూరిపేట, మార్టూరు మీదుగా వెళ్తుంది, రెండున్నర గంటలు పట్టొచ్చు. అద్దంకిలో మారి దర్శికి ఇంకో గంట. రానూపోనూ చార్జీలకి ఐదు వందల నోటు తీసుకెళ్తే టిఫినుకి కూడా మిగులుతుంది. చేతిలో నా సంచి, సంచిలోంచి బయటికి తొంగిచూస్తూ ఒక కొత్త గొట్టం. ఆ మోడలుకి పట్టే గొట్టం ఇప్పుడెక్కడా దొరకదు. ఎప్పుడో విజయవాడలో ఒక మెకానిక్ దగ్గర చుట్ట చుట్టి అటక మీద ఉంటే తెచ్చి దాచుకున్నాను. ఉత్త చేతులతో వెళ్ళి ఇవ్వమంటే ఎవరిస్తారు, మార్పిడికి పనికొస్తుందని పట్టుకెళ్ళాను.

మిర్చి సీజను. ఊరు దాటేదాకా యార్డుకి వెళ్ళే లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి. అలవాటైన ముక్కు నాది, అయినా తుమ్మాను. చిలకలూరిపేట దాటాక కల్లాల్లో ఎర్రగా కాయ ఎండుతోంది, టార్పాలిన్లు తీసి ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారు. మార్టూరు దగ్గర రంగు మారిపోయింది. రాయి కోసే మిల్లుల దుమ్ము చెట్ల ఆకుల మీదా, కొట్ల రేకుల మీదా తెల్లగా పేరుకుంది. సుశీల ఈ ఊరి గురించి ఒక్కటే చెప్పేది: “మార్టూర్లో మిషను అమ్మడం తేలిక. వాళ్ళకి దుమ్మంటే ఏంటో మనం చెప్పక్కర్లేదు.” ఆ మాట అనేటప్పుడు ఎలా నవ్వేదో గుర్తుంది. ఎవరింటికి వెళ్ళేదో, ఏ గుమ్మంలో చెప్పులు విడిచేదో తెలియదు. కిటికీలోంచి కనిపించే ప్రతి పాత డాబానీ చూస్తూ, ఇదేమో, ఇదేమో అనుకుంటూ కూర్చున్నాను.

అద్దంకిలో బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. కారప్పొడిలో నెయ్యి వేసి ఇస్తారు, కడుపు నిండా తిన్నా యాభై రూపాయలు కాలేదు. పొయ్యి దగ్గర అట్లు పోస్తున్నాయన నా సంచి వంకే చూస్తున్నాడు.

“ఏందండీ అది, గ్యాసు పైపా?” అన్నాడు.

“కాదు. దుమ్ము లాగే మిషను గొట్టం.”

“దుమ్ము లాగి ఏం చేసుద్ది?”

“లోపల సంచిలో దాచుకుంటుంది. నిండాక మనం పారబోయాలి.”

“మరి మనమే పారబోసేటప్పుడు చీపురు చాలదా?” అని అట్టు తిరగేశాడు. పక్క బల్ల మీదవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఈ ప్రశ్నకి సుశీల ఏం జవాబు చెప్పేదో అనిపించింది. ఆమె ఈ ప్రశ్న ఎన్ని గుమ్మాల్లో విని ఉంటుందో. అట్టు ఒకటి కట్టించుకుని బయటికొచ్చాను.

దర్శికి వెళ్ళే పల్లెవెలుగు బస్సు నింపాదిగా వెళ్తుంది. గుండ్లకమ్మ దాటాక నేల నల్లగా, చదునుగా, కంటికి అడ్డం లేకుండా సాగిపోతుంది. పత్తి చేలు ఆఖరి తీతలో ఉన్నాయి. మోడుల్లాంటి మొక్కలకి అక్కడక్కడా మిగిలిపోయిన దూది వేలాడుతోంది. మధ్యమధ్య పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, మిరప కల్లాలు. ఈ దారిలో ఎండాకాలం ఆమె ఆ బరువుతో నిలబడి ప్రయాణం చేసిందన్నది నాకు అప్పటిదాకా ఒక సమాచారం మాత్రమే. కిటికీ కమ్మీ చెయ్యి కాల్చేసరికి మాఘంలోనే ఇలా ఉంటే వైశాఖంలో ఎలా ఉండేదో అనిపించింది. పక్కన ఖాళీ సీటుంది. దాని మీద సంచి పెట్టబోయి మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకున్నాను.

దర్శిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. పరుపుల దుకాణం అనగానే ఆటో అతను “మా హుస్సేనమ్మత్త కొట్టా? ఎక్కండి” అన్నాడు. కురిచేడు రోడ్డు మీద ముప్పై రూపాయల దూరం. దిగకముందే చప్పుడు వినిపించింది. సన్నగా మొదలై, పైకి లేచి, ఒకచోట నిలబడి మోగే చప్పుడు. మా ఇంట్లో ఇరవై పైచిలుకు మిషన్లలో ఏది వేసినా నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇది సుశీల మిషనే.

రేకుల షెడ్డు. ఒక పక్క దూది ఏకే మిషను, ఇంకో పక్క చాపల మీద సగం కుట్టిన పరుపులు. ముప్పై అయిదేళ్ళు దాటిన ఒకావిడ ముక్కుకి చున్నీ కట్టుకుని, గోడవారన పేరుకున్న దూది నుసిని గొట్టంతో లాగుతోంది. ఆమె షకీలా. చాప మీద కూర్చుని పొడవాటి సూదితో పరుపు కుడుతున్న పెద్దావిడ హుస్సేనమ్మ, షకీలా తల్లి. మిషను గొట్టానికి మూడుచోట్ల సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. నన్ను చూసి షకీలా స్విచ్చి ఆపింది.

“పరుపా సార్? సింగిలా, డబులా?”

“పరుపు కాదమ్మా. పాత మిషన్లు పోగుచేస్తుంటాను. మొన్న మా స్నేహితుడొచ్చి ఫోటో తీసుకున్నాడు…”

“అమ్మం సార్,” అంది వెంటనే. మర్యాదగానే అంది, కానీ మళ్ళీ అడిగే సందు ఇవ్వలేదు. “ఇది లేకపోతే సాయంత్రానికి మాకు దగ్గే. ఆయనతోనూ చెప్పాం.”

సరేనన్నాను. కాసేపు చూసి వెళ్తానంటే స్టూలు వేసింది. బ్రష్షులన్నీ ఒక ప్లాస్టిక్ బుట్టలో ఉన్నాయి. బూజుల బ్రష్ పైనే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. గోళ్ళరంగు అంచుల్లో పెచ్చులూడింది గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. ‘సందులకి’ కూడా సగం మిగిలింది. ఇంకేం అడగాలో తోచక, “దీన్ని మీకు ఎవరు అమ్మారు?” అన్నాను.

జవాబు హుస్సేనమ్మ దగ్గర్నుంచి వచ్చింది. “సుశీలమ్మ అని గుంటూరు నించి వచ్చేది. నీకు తెలుసా అయ్యా ఆమె? పోయినేడు పెద్దాసుపత్రి పనికని గుంటూరు వచ్చినప్పుడు ఆ ఆఫీసు ఉన్న వీధంతా తిరిగాం. ఎవురూ చెప్పలేదు. ఏడుందో, ఎట్టా ఉందో.”

ఆమె వర్తమానంలో మాట్లాడుతోంది. ఆ షెడ్డులో సుశీల ఇంకా గుంటూరులో ఎక్కడో, తెలియని వీధిలో, క్షేమంగా ఉంది. అవునో కాదో అనేసి, చేతిలోది బుట్టలో పెట్టేసి లేచి వచ్చెయ్యొచ్చు అనిపించింది. నోరు వేరే మాట అంది.

“మా ఆవిడే.”

హుస్సేనమ్మ ముఖం వెలిగిపోయింది. “మీ ఆవిడా! మరి తీసుకురాకుండా ఒక్కడివే వచ్చావేందయ్యా?”

నేను చెప్పాల్సింది చెప్పాను. నాలుగేళ్ళయిందన్నాను. జబ్బు చేసిందన్నాను. ఆమె సూదిని పరుపులో గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. షకీలా ముక్కుకి కట్టుకున్న చున్నీ విప్పి దాంతోనే కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళ కిందట మా ఇంటికి ఎందరో వచ్చి ఏడ్చారు. వాళ్ళలో ఎక్కువమంది నా వైపువాళ్ళు, నా ఆఫీసువాళ్ళు. సుశీల కోసం, సుశీల తెలిసినందుకు, అప్పుడే వార్త విన్నవాళ్ళలా ఏడ్చేవాళ్ళని నేను మళ్ళీ చూస్తాననుకోలేదు.

హుస్సేనమ్మ మళ్ళీ అందుకుంది. “మొదటిరోజు ఏం జరిగిందో నీకు చెప్పిందా?”

“లేదు.”

“ఏం కొట్టో తెలియక దూదేకే కొట్టుకి దుమ్ము మిషను అమ్మటానికి వచ్చింది చూడు! మిషను ఏసింది. ఇంత నుసి, ఒక్క నిముషంలో సంచి నిండి, పొగొచ్చి ఆగిపోయింది. మేం బెదిరిపోయాం. ఆమె అట్నే దూది మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మేమూ నవ్వాం. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చి, గొట్టం మూతికి పల్చటి పాత చీర గుడ్డ కట్టి ఏసింది. అప్పుడు పట్టింది. ఇప్పటికీ అట్నే కడతన్నాం.”

చూస్తే నిజమే. గొట్టం మూతికి నీలం పువ్వుల చీర ముక్క కట్టి ఉంది.

“ఆ తర్వాత ఈ పక్కకి ఎప్పుడొచ్చినా అన్నం ఇక్కడే,” అంది షకీలా. “గోంగూర ఉంటే చాలు, కూర అడిగేది కాదు. తిన్నాక, కొత్తగా కుట్టిన పరుపు ఏదుంటే దాని మీద ఒక కునుకు తీసేది. ‘అక్కా, మెత్తగా ఉందో లేదో నేను చూసి పెడతా’ అనేది. అమ్మ విసనకర్రతో విసిరేది.”

సుశీల పగలు పడుకోగా నేను చూడలేదు. ఆదివారం కూడా నడుం వాల్చేది కాదు. ఆమెకి నిద్ర తక్కువని నేను అందరితో చెప్పేవాణ్ణి. ఇక్కడ, ఈ దూది వాసనలో, ఎవరో విసురుతుంటే పడుకునేదన్నమాట. వినగానే కుళ్ళు పుట్టిన మాట నిజం. ఆ పరుపు మీద, ఆ విసనకర్ర మీద, ఆ మధ్యాహ్నాల మీద. వెంటనే, ఆమెకి ఎక్కడో ఒకచోట ఒక కునుకు దొరికిందిలే అని ప్రాణం కాస్త కుదుటపడింది.

“మా షకీలాకి ఆమె మాటలన్నీ నోటికొచ్చు,” అంది హుస్సేనమ్మ. “చిన్నప్పుడు ఈది పిల్లలందరినీ కూర్చోబెట్టి అదే ఆట. చెప్పవే.”

“అబ్బా, ఊరుకో అమ్మా.”

“చెప్పమ్మా,” అన్నాను. “నేను వినలేదు. ఎప్పుడూ.”

 షకీలా గొట్టం అందుకుని, పమిట సర్దుకున్నట్టు చున్నీ భుజం మీదికి లాక్కుని, గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెప్పులు విడిచినట్టు కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కదిపింది. గొంతు మారింది. ఆ సాగదీత, మాట మధ్యలో చిన్న ఊపిరి, అన్నీ గుంటూరువే.

“నమస్కారమమ్మా. మీ ఇల్లు మురికిగా ఉందని చెప్పటానికి రాలేదు. గుమ్మంలోంచే తెలుస్తోంది, పొద్దున్నే ఊడ్చారు. రెండోసారి కూడా ఊడ్చుంటారు. మీరు ఎంత ఊడ్చినా కొంచెం మిగిలిపోతుందమ్మా, అది మీ తప్పు కాదు. ఆ మాట చెప్పటానికే వచ్చాను. ఇదిగో, ఇది నేలకి. ఇది పరుపులకి. ఇది మీ చెయ్యి పట్టని సందులకి. ఇది బూజులకి, ఇక స్టూలెక్కి నడుం పట్టేయించుకోనక్కర్లేదు. ఒక్క ఐదు నిముషాలు మీరు కూర్చోండి, నేను తుడుస్తా. మీ ఇంట్లో మీరు కూర్చుని ఉండగా ఇంకొకరు తుడవటం చూసి ఎన్నాళ్ళయింది?”

అక్కడ ఆగింది. ఆగాల్సిన చోటనుకుంటాను. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఆఖరి మాట అంది.

“కొనకపోయినా ఫర్వాలేదమ్మా. గుక్కెడు మంచినీళ్ళిప్పించండి, వెళ్తాను.”

హుస్సేనమ్మ లేచింది. ఆ ఆటలో ఆమె వంతు అదేనేమో, ఎన్నేళ్ళ అలవాటో, మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి కుండలోంచి స్టీలు గ్లాసుతో నీళ్ళు ముంచుకొచ్చింది. గొట్టం పట్టుకున్న కూతురి దగ్గరికి రెండడుగులు వేసి, ఆగి, ఇటు తిరిగి గ్లాసు నాకు ఇచ్చింది. నేను తాగాను. చల్లగా ఉన్నాయి. అంతకుముందు ఎక్కడా నాకు రాని ఏడుపు అక్కడ వచ్చింది.

తెచ్చిన గొట్టం మిషనుకి బిగించాను. సరిగ్గా కూర్చుంది. సైకిలు ట్యూబుల పాతదాన్ని షకీలా పారేయబోతే నేను అడిగి తీసుకున్నాను. కొత్త గొట్టంతో మిషను వేసి గోడవారన ఒకసారి లాగి, “గాలి రెట్టింపయింది బాబాయ్ గారూ!” అంది. సార్ పోయి బాబాయ్ ఎప్పుడయ్యానో గమనించలేదు. ఆ రోజు గోంగూర లేదు, పప్పుచారు, చిక్కుడుకాయ వేపుడు. తిన్నాక షకీలా బూజుల బ్రష్ కడిగి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. “మేం కర్రకి గుడ్డ కట్టి దులుపుకుంటాంలే. ఇది మీ దగ్గరుండాలి.” మొహమాటానికైనా వద్దనలేదు. దాని కోసమే కదా వచ్చాను. ఆ మాటలు ఇంకొకసారి చెబితే ఫోనులో పట్టుకుంటానని మాత్రం అడిగాను. షకీలా సిగ్గుపడింది. “ఫోను ముందు రాదు బాబాయ్ గారూ. మళ్ళీ రండి, మళ్ళీ చెబుతా.”

తిరుగు బస్సులో ఆ మాటలు వరసగా గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. నేలకి, పరుపులకి దాకా వచ్చాయి. ‘ఎన్నాళ్ళయింది’కి ముందు ఏదో ఉంది, జారిపోయింది; పైన ఆ చోట రాసింది నా అతుకే. ఎండ దిగుతోంది, కల్లాల్లో కాయ మీద మళ్ళీ టార్పాలిన్లు కప్పుతున్నారు. ఈ మైదానంలో ఆమె మెట్లెక్కిన ఇళ్ళు ఇంకెన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింట్లోనైనా ఎవరో ఒకరు ఆమెని తలుచుకుంటూ ఉంటారు, ఏడుందో ఎట్టా ఉందో అనుకుంటూ. ఆ ఇళ్ళలో ఆమె పోలేదు. నేను వెళ్ళి చెప్పేదాకా పోదు. వెళ్తే ఆమె గురించి నాకు తెలియనిది ఒకటి దొరుకుతుంది, బదులుగా నేను ఆ వార్త ఇచ్చి రావాలి. చీరాలలో ఒక నేతవాళ్ళింట్లో ఇలాంటి మిషనే ఉందని విన్నాను. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది, కాళ్ళు ఇంకా కదలడం లేదు.

ఇలాంటి వేటకి ఆ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. దర్శి నుంచి అద్దంకికి, అద్దంకి నుంచి గుంటూరుకి ఆఖరి బస్సు ఎప్పుడో దిగగానే కనుక్కోండి, అవసరమైతే అక్కడే ఉండిపోయేలా ఒక జత బట్టలు పెట్టుకోండి. నేను ఆ పని చెయ్యలేదు. హుస్సేనమ్మ కొత్త పరుపు ఒకటి పరిచి, “ఒక కునుకు తియ్యవయ్యా” అంటే, బస్సు తప్పిపోతుందని లేచి వచ్చేశాను.